గుట్ట మీది చెవి

యాకోబు పొడుగాటి ఇనుప రాడ్డును వాల్వు గుంతలోకి దింపి, పైన అడ్డకమ్మీని రెండు చేతులా పట్టుకుని తిప్పాడు. మొదటి చుట్టు ఎప్పుడూ మొండికేస్తుంది. ఎడమకాలు వెనక్కి తన్నిపెట్టి, పళ్లు బిగించి ఇంకో చుట్టు వేసేసరికి రోడ్డు కింద నీళ్లు కదిలాయి. ఆ కదలిక అతనికి చెవుల కంటే ముందు అరికాళ్లకు తెలుస్తుంది. హన్మకొండలో గుట్ట చుట్టూ ఉన్న వాడలన్నిటికీ ఇన్నేళ్లుగా నీళ్లు వదులుతున్న మనిషికి ఆమాత్రం తెలియకపోతే ఎట్లా!

"యాకోబన్నా, నిన్న మా నల్లా దారం లెక్క వచ్చింది," అంది గేటు ముందు బిందె పెట్టుకుని నిలబడ్డ ఒకావిడ.

"ఇయ్యాల మంచిగ వస్తయి తియ్యవ్వా. జర ఓపిక పట్టు," అన్నాడు తల ఎత్తకుండానే.

మనిషి బక్కపల్చన. ఉతికి ఉతికి రంగు వెలిసిన ఖాకీ చొక్కా, పిక్కల దాకా మడిచిన ప్యాంటు, గోళ్ల కింద ఎంత తోమినా పోని తుప్పు. నడుముకు ఒక పక్క సెల్‌ఫోను, ఇంకో పక్క పొట్టి యాంటెన్నా ఉన్న నల్లటి హ్యాండ్‌సెట్టు. ఆ హ్యాండ్‌సెట్టు మున్సిపాలిటీ వాళ్లు ఇచ్చిందని వాడకట్టంతా అనుకుంటుంది. కాదు, నా సొంతం, పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్న హామ్ రేడియో ఆపరేటర్ని నేను, అని అతను ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుంటే ఏం పోయేదో! ఎవరైనా అడిగినా "ఏదో ఉంది తియ్" అని దాటేసే రకం.

సెల్‌ఫోను మోగింది. తెర మీద 'నెక్కొండ సార్ ఇల్లు' అని చూసి యాకోబు చేతులు రాడ్డు మీదే ఆగిపోయాయి. నెక్కొండ కట్టయ్య సారు పోయి వారం అవుతోంది. దినాలకైనా వెళ్లాలి, వెళ్లి సమ్మమ్మక్కను పలకరించాలి అని రోజూ అనుకుంటూనే ఉన్నాడు. ఇప్పుడు ఆమే చేసింది. ఏ మొహంతో మాట్లాడాలి?

"తమ్మీ, నేను సమ్మమ్మను." గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది. "ఆయనకు తెల్వకుంట పక్కింటి డాబా ఎక్కి చేస్తాన్న."

"ఎవలికి తెల్వకుంట అక్కా?"

"ఎవలికేంది, మీ సారుకు!"

రాడ్డు చేతిలోంచి జారి వాల్వు గుంత అంచుకు ఠంగుమని తగిలింది.

"అక్కా... సారు ఉన్నడా?"

"ఉండక యాడికి పోతడు? మీరే పంపించిండ్రు గద. అందరు గల్సి సంతాపం చెప్పిండ్రట. రేడియో పెట్టె ముందట కూసోని మొత్తం ఇన్నడు తమ్మీ. నేనున్న, నేనున్న అని టక్కుటక్కున కొట్టిండు. ఒక్కలన్న పలికిండ్రా? అప్పటిసంది గంజి గూడ ముడ్తలేడు."

"నాకొక్క ఫోన్ చేస్తే అయిపోతుండె గదక్కా!"

"చెయ్యనిస్తేనా! వద్దని చెయ్యి అడ్డం పెట్టిండు. పలక మీద రాసి సూపిస్తడు. గొంతు ఎప్పుడో పోయింది, ఇప్పుడు నా చెయ్యి గూడ పోయింది, నేను కొట్టేది ఎవలికి తెలుస్తలేదు అని." ఆమె ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. "డాక్టరు సూసి ఒళ్లు బాగ గుంజుకపోయిందన్నడు. ఎన్నొద్దులుంటడో ఏమో. పోతే పోతడు, ముసలోడే. గని గిట్ల, మాట చెల్లనోని లెక్క పోవద్దు తమ్మీ."

"నేనొచ్చి చెప్పనా?"

"నువ్వొచ్చి చెప్తే నమ్మడు. నన్ను బుదగరిస్తాన్నరు అంటడు. ఆయన కొడితే మీరు ఇనాలె. గంతే."

"ఇయ్యాల పొద్దుమీకి ఇంటం అక్కా," అన్నాడు యాకోబు. ఎట్లా వింటారో అతనికే తెలియదు. అయినా అనేశాడు.

ఇంత ఘోరం ఎట్లా జరిగిందంటే, ఇట్లా జరిగింది. ఊళ్లో హామ్ రేడియో వాళ్ల క్లబ్బు, అంటే సరదాకు సొంత రేడియోల్లో దూరం మనుషులతో మాట్లాడుకునే వాళ్ల క్లబ్బు ఒకటుంది. రోజూ సాయంత్రం అందరూ రేడియోలో ఒకరి తర్వాత ఒకరు పలికి, బాగోగులు చెప్పుకుంటారు. దాన్ని నెట్ అంటారు. కట్టయ్య సారు ఆ నెట్‌కు రాక మూడు నాలుగు రోజులైన సమయంలో, క్లబ్బు అధ్యక్షుడు విశ్వనాథం సేటు దుకాణానికి నెక్కొండ నుంచి వచ్చిన గిరాకీ ఒకడు 'మా ఊరి రైల్వే కట్టయ్య పోయిండు సేటు' అన్నాడు. నెక్కొండలో రైల్వే కట్టయ్యలు ఎంతమంది ఉన్నారో సేటు అడగలేదు. చావింటికి ఫోన్ చేసి 'నిజంగనే పోయిండా' అని ఎవరడుగుతారు? ఆ సాయంత్రమే నెట్‌లో సంతాప సభ పెట్టేశారు.

సేటు చాలాసేపు మాట్లాడాడు. కట్టయ్యకు సంగీతమంటే ప్రాణమన్నాడు. యాకోబు ప్రార్థన చేశాడు. ఆ తర్వాత ఒక నిమిషం మౌనం. ఆ మౌనంలో రేడియో 'కిట కిట కిట కిట' అంటూ తెగిపోతూ అతుక్కుంటూ ఒకటే నస పెట్టింది. "ఈ డిస్టర్బెన్స్ ఎవలదో గని, పోయిన మనిషికి గూడ మర్యాద ఇస్తలేరు," అని సేటు విసుక్కున్నాడు కూడా.

నడిరోడ్డు మీద యాకోబుకు ఆ కిటకిట ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ చప్పుడు ఈ మధ్య రోజూ సాయంత్రం వస్తోంది. అంతకుముందు లేదు. అతను మోరీ గోడ మీద కూలబడి, "అయ్యో దేవా, ఆయనే ఆయనే," అని గొణుక్కున్నాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

అయినా వాడల నీళ్లు మధ్యలో ఆపి పోలేడు కదా. మిగిలిన వాల్వులన్నీ తిప్పి, సమయానికి కట్టి, అప్పుడు గుట్ట దారి పట్టాడు. ఇంటి నుంచి భార్య సుశీల ఫోన్ చేసి అన్నానికి రమ్మంటే, "ఇయ్యాల నాకు పెట్టకు," అని రెండో మాటకు తావివ్వకుండా పెట్టేశాడు.

గుట్ట మీద నీళ్ల ట్యాంకు, దాని పక్కన పంపు గది. ఆ గదిలోనే ఓ మూల రిపీటరు. క్లబ్బు వాళ్లు దాన్ని తెచ్చి పెట్టినప్పుడు యాకోబుకు అదేమిటో తెలియదు. గది తాళం అతని దగ్గర ఉంటుంది కనుక, దుమ్ము తుడవమని చెప్పి వెళ్లారు. తుడుస్తూ తుడుస్తూ అడిగి తెలుసుకున్నాడు. కింద వీధిలో నిలబడి చిన్న హ్యాండ్‌సెట్టులో మాట్లాడితే, ఆ మాట నాలుగు బంగళాలు దాటి పోదు. అదే మాటను గుట్ట మీద ఉన్న రిపీటరు విని, వింటూనే, ఇంకో ఫ్రీక్వెన్సీలో తిరిగి చెబుతుంది. పైనుంచి చెబుతుంది కనుక చుట్టూ ఉన్న మండలాలన్నిటికీ దిగి పోతుంది. యాకోబుకు ఇది వెంటనే తలకెక్కింది. నీళ్లను ఒకసారి ట్యాంకులోకి ఎక్కిస్తే చాలు, ఆ తర్వాత ఊరంతా అవే పోతాయి. ఇందులో కొత్తేముంది!

ఒక సాయంత్రం ఆ పెట్టెలోంచి మాటలు కాక సన్నటి కూతలు వచ్చాయి. పొట్టివి, పొడుగువి. పెట్టెలో ఏదో పురుగు దూరిందని అతను క్లబ్బు వాళ్లకు ఫోన్ చేస్తే వాళ్లు పడీ పడీ నవ్వారు. పురుగు కాదు, కట్టయ్య. రైల్వేలో తంతి కొట్టిన మనిషి. గొంతులో పుండు లేచి, ఆపరేషన్‌లో గొంతే తీసేశారు. మాట పోయిన మొదటి నెల దుప్పటి కప్పుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాడట. రెండో నెల లేచి, మైకు ముందు చిన్న బజరు పెట్టి, పాత తంతి భాషలో చుక్కలూ గీతలూ కొట్టడం మొదలుపెట్టాడు. నెక్కొండలో ఇంట్లో కూర్చుని కొడితే, గుట్ట మీది రిపీటరు ఎత్తుకుని జిల్లా అంతటికీ వినిపించింది. గొంతు లేని మనిషికి ఆ గుట్టే గొంతయింది.

దవాఖానకు వరంగల్ వచ్చినప్పుడల్లా ఆయన గుట్ట ఎక్కేవాడు. పంపు గదిలో పానాతో పైపు మీద కొట్టి యాకోబుకు ఆ భాష నేర్పాడు. చిన్న తప్పును కూడా వదిలిపెట్టని గురువు. ఎనిమిదో తరగతితో బడి మానేసిన యాకోబు, ఆయన వల్లే నలభై దాటాక పరీక్ష రాశాడు. లైసెన్సు వచ్చిన నాడు సుశీల పాయసం వండింది. కానీ ఆ భాషలో గాలిలోకి మాట్లాడే ధైర్యం మాత్రం అతనికి ఎన్నడూ రాలేదు. సారు వింటే తప్పు పడతాడని భయం. చదవడం, వినడం వరకే.

యాకోబు ఫోన్ చేస్తే, యమున మేడం క్లాసుకూ క్లాసుకూ మధ్య స్కూటీ మీద వచ్చి, రొప్పుతూ మెట్లెక్కింది. ఆమె కాలేజీలో ఫిజిక్స్ లెక్చరరు. రోజూ నెట్ నడిపేది ఆమే. యాకోబు చెప్పింది వింటూ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"బతికున్నడా!" నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తేరుకుని, "అన్నా, కిటకిట ఎప్పటిసంది వస్తాంది?" అని అడిగింది.

యాకోబు మూలకు చూశాడు. రిపీటరు పక్కన, రెక్కల్లాంటి అల్యూమినియం పలకలతో, ఫ్యానుతో, రిపీటరు మాటను ఇంకా దూరం పంపే కొత్త యాంప్లిఫయర్. సేటు కానుక. దాని మీద ఆయన తండ్రి పేరుతో ఇత్తడి పలక. దాన్ని మెట్ల మీదుగా భుజాన మోసుకొచ్చి, తీగలు కలిపి బిగించింది యాకోబే. ఆ సాయంత్రం ఖమ్మం నుంచి ఒకాయన 'మీ రిపీటర్ మాకు గంట కొట్టినట్టు వినిపిస్తోంది' అని ఫోన్ చేస్తే, సేటు అందరికీ మిఠాయి పంచాడు. యాకోబూ తిన్నాడు.

యమున గోడకు నిలబెట్టి ఉన్న పొడుగాటి డబ్బాల మీద చెయ్యి వేసింది. "ఇది వినుకుంటనే మాట్లాడాలె గదన్నా. దాని అరుపు దాని చెవిలనే పడకుండ ఈ డబ్బాలు ఆపుతయి. పాత పవరుకు సరిపోయినయి. ఇప్పుడింత యాంప్లిఫయర్ పెడితే ఏడ ఆపుతయి? సారు సన్నగ పిలుస్తడు. ఇది వింటది, నోరు తెరుస్తది. తెరవంగనే దాని అరుపుకు దానికే చెవుడు. మూసుకుంటది. మళ్ల వింటది, మళ్ల తెరుస్తది..."

"గదే కిటకిట."

"గదే. మనం ఊళ్లె ఉన్నోళ్లం, మన మాట గట్టిగ తాకుతది. మనకేం తెల్వలే." ఆమె పంపు దిమ్మె మీద కూర్చుంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "రోజు నెట్ నడిపేదాన్ని, నాకన్న తట్టాలె గద! ఖమ్మం దాక వినబడుతున్నమని సంబరపడ్డం గని, మనం ఎంత దూరం వింటున్నమో చూసుకోలే."

"తీసేస్త మేడం. ఇయ్యాల నెట్‌కు ముందే."

"సేటును అడగకుంట ఎట్లన్నా? ఇయ్యాల వాళ్ల నాయిన తిథి. ఖమ్మం, సూర్యాపేట వాళ్లందరిని వినుమని చెప్పుకున్నడు."

"నేనడుగుత," అన్నాడు యాకోబు.

అడగడం అనేది అతని జన్మలో లేదు. రోజుకూలీగా చేరి, వెనక వచ్చిన వాళ్లంతా పర్మినెంటు అవుతుంటే చూస్తూ కూర్చున్నాడు తప్ప, నా సంగతేంటని ఒక్క ఆఫీసరును అడగలేదు. చివరికి ఎవరో దయతలిచి చేశారు. వాన పడ్డా, జ్వరమొచ్చినా సెలవు అడగలేదు. సుశీల అయితే 'నీ నోట్ల ఏమన్న ముత్యాలు రాలుతయా?' అని ఎన్నిసార్లు దెప్పిందో! అట్లాంటి మనిషి మిట్టమధ్యాహ్నం ఎండలో సైకిలు తొక్కుకుంటూ వరంగల్ చౌరస్తాకు బయల్దేరాడు. దారి పొడుగునా ఏమనాలో పెదవులు కదిపి అనుకుంటూనే ఉన్నాడు.

విశ్వనాథం సేటు ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణంలో గిరాకీకి వైరు కొలుస్తున్నాడు. తిథి రోజు కనుక ఒంటిపూట ఉన్నాడు, మొహం పీక్కుపోయింది.

"సేటు, మన యాంప్లిఫయర్ తీసేయాలె. ఇయ్యాల్నే."

"తీసేసుడేంది? ఏమన్న ఉంటే రేపు చూద్దం పో యాకోబూ. ఇయ్యాల మా నాయిన పేరు ఖమ్మం దాక ఇనిపిస్తనని ఇంట్ల చెప్పిన."

"రేపటికి కాదు సేటు."

"ఏందయ్యా నీ జిద్దు?" సేటు కళ్లద్దాల పైనుంచి చూశాడు. యాకోబు ఎదురు మాట్లాడటం ఆయన ఎన్నడూ వినలేదు. "ఒక్కదినం ఆగితే ఏం మునుగుతది?"

దారిలో అనుకున్న మాటలన్నీ యాకోబు మరిచిపోయాడు. ఉన్నది అనేశాడు. "కట్టయ్య సారు బతికే ఉన్నడు సేటు."

సేటు చేతిలో వైరు చుట్ట కౌంటరు మీద పడింది.

"గిరాకచ్చి చెప్పిండు గద..."

"పోయిన కట్టయ్య వేరే. మన సారు పెట్టె ముందట కూసోని మనం మాట్లాడిందంత ఇన్నడట. మనం మౌనం పాటిస్తుంటె డిస్టర్బెన్స్ వచ్చింది గద, అది ఆయనే. నేనున్న అని కొట్టిండు."

సేటు మెల్లగా స్టూలు మీద కూర్చున్నాడు. "నేను... గంతసేపు మాట్లాడిన గద యాకోబూ. ఆయన ఇన్నడా? మొత్తం?"

"మొత్తం. అప్పటిసంది అన్నం ముడ్తలేడు. నా చెయ్యి పోయిందనుకుంటాండు. ఆయన చెయ్యి పోలే సేటు, మన చెవి పోయింది."

గిరాకీ బేరం మరిచి ఇద్దరి మొహాలూ చూస్తున్నాడు. సేటు కౌంటరు మీద పడ్డ వైరును మళ్లీ చుట్ట చుట్టాడు. తర్వాత చిన్న గొంతుతో, "దాని మీద మా నాయిన పేరుంది," అన్నాడు.

"పేరు ముట్టను. తీగలు పీకుత." యాకోబు అక్కడితో ఆగలేదు. "మీరు సరే అన్న పీకుత, వద్దన్న పీకుత. రేపు క్లబ్బుల నుంచి నన్ను తీసేస్తే తీసేయుండ్రి. ఇయ్యాల మాత్రం ఆయన మాట ఇనాలె."

సేటు లేచి, ఔననకుండా కాదనకుండా గోదాములోకి వెళ్లిపోయాడు. యాకోబు కాసేపు చూసి, సైకిలెక్కాడు. తనేనా అంత మాట అన్నది అనిపించింది. అన్నందుకు భయం వేసింది, భయంతో పాటు ఏదో బలమూ వచ్చింది.

పంపు గది రేకుల కింద ఎండ ఉడికిపోతోంది. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, నేల మీద బోర్లా పడుకుని యాంప్లిఫయర్ వెనక తీగలు ఒక్కొక్కటే విప్పాడు. మొదటిది సులువుగానే వచ్చింది. రెండోది తన చేత్తోనే అంత గట్టిగా బిగించాడు, ఇప్పుడు రానంటుంది. చెమట కళ్లల్లో పడుతోంది. పానా జారి వేలి కణుపు చీరుకుపోయింది. పాత వైరు కోసం గదంతా వెతికితే, అది పంపు కింద గ్రీజులో పడి ఉంది. దాన్ని గుడ్డతో తుడిచి, కొసలు గీకి, రిపీటరునూ డబ్బాలనూ మునుపటిలాగా కలిపాడు. యాంప్లిఫయర్‌ను పక్కకు జరిపి, దుమ్ము పడకుండా మీద తన తువ్వాల కప్పాడు. సేటు తండ్రి మీద అతనికేం కోపం లేదు.

పొద్దు వాలుతుండగా యమున మళ్లీ వచ్చింది. ఆమె వెనకే, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతూ సేటు వచ్చాడు. గదిలోకి చూశాడు, విప్పేసిన తీగలు చూశాడు, తువ్వాల చూశాడు. వెళ్లి బయట బండ మీద కూర్చున్నాడు.

యమున నెట్ మొదలుపెట్టింది. అందరికీ సంగతి ముందే చెప్పి ఉంచింది కనుక ఎవరూ పలకలేదు. "నెక్కొండ కట్టయ్య సారూ, మీరు వింటున్నరా?" అని పిలిచింది. రిపీటరు ఆ పిలుపును ఎత్తుకుని చెప్పి, కరక్కుమని ఆగింది. తర్వాత ఏమీ లేదు. కిటకిట కూడా లేదు. మళ్లీ పిలిచింది. లేదు.

యాకోబు సమ్మమ్మకు ఫోన్ చేశాడు.

"పెట్టె బంద్ చేసిండు తమ్మీ. ఇగ నాకొద్దు, బట్టల సందుగల పెట్టుమంటే పెట్టిన," అంది ఆమె.

"తియ్యక్కా. తీసి, ఆన్ చేసి, మంచం పక్కన పెట్టు. ఆయన్నేం అడగకు."

"మీరు పిలిస్తే పలుకుతడా? మొఖం గోడకు తిప్పి పండుకున్నడు."

పలకడు. మాటలతో పిలిస్తే పలకడని యాకోబుకు తెలుసు. ఆ మాటలేగా ఆయన్ని పాతిపెట్టింది! అతను హ్యాండ్‌సెట్టు తీసి నోటి దగ్గర పెట్టుకున్నాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి, తడుపుకున్నాడు. బటన్ నొక్కి, ఈల వేశాడు. పొట్టి ఈల, పొడుగు ఈల. జిల్లాలో ఉన్న హామ్‌లందరూ వింటుండగా, కట్టయ్య సారు పేరును ఒక్కో అక్షరమే ఈలతో పిలిచాడు. మధ్యలో ఊపిరి అందక ఒక గీత సగంలో తెగింది. అయినా పేరు పూర్తి చేసి బటన్ వదిలాడు.

రిపీటరు కరక్కుమని ఆగింది. కింద ఊళ్లో బస్సుల చప్పుళ్లు వినిపిస్తున్నాయి. సేటు బండ మీద నుంచి లేచి నిలబడ్డాడు.

అప్పుడు పెట్టెలోంచి సన్నటి కూత వచ్చింది. తెగకుండా, తొణకకుండా, నెక్కొండ నుంచి.

"ఏమంటాండు? ఏమంటాండయ్యా?" అన్నాడు సేటు.

యాకోబు కళ్లల్లోంచి నీళ్లు కారుతుండగా నవ్వాడు. "తప్పు, మళ్ల కొట్టు అంటాండు."

యాకోబు మళ్లీ వేశాడు. ఈసారి గీత పూర్తిగా పడింది. 'ఇప్పుడు నయం' అని జవాబొచ్చింది. ఆ తర్వాత కూతలు ధారగా వచ్చాయి. యాకోబు ఒక్కో మాటా పైకి చదువుతుంటే, యమున దాన్ని రేడియోలో అందరికీ చెప్పింది. 'నా సంతాప సభకు వచ్చిన వారందరికీ వందనాలు. సేటు గారూ, నాకు సంగీతం రాదు. పాట వినిపిస్తే లేచి పోయే రకం నేను. యాకోబు ప్రార్థన బాగుంది, కొంచెం పొడుగైంది. మౌనం నిమిషం నిండలేదు, గడియారం చూశాను.'

ఎక్కడెక్కడి నుంచో బటన్లు నొక్కి మనుషులు నవ్వుతున్నారు. ఒకాయన ఏడుస్తున్నాడు కూడా. ఆ సందడి సద్దుమణిగాక, మళ్లీ ఒక్క ప్రశ్న వచ్చింది, నెమ్మదిగా. 'నా చెయ్యి బాగానే ఉందా?'

ఒక్కొక్కరే జవాబు చెప్పారు. కాజీపేట నుంచి బాగా వినబడుతోందన్నారు. వరంగల్ నుంచి ప్రతి అక్షరం అందిందన్నారు. హన్మకొండ నుంచి ఒకాయన, మీ చెయ్యి మా అందరి నోళ్ల కంటే నయం సారూ అన్నాడు. చివర్లో సేటు చెయ్యి చాపి, యాకోబు దగ్గర హ్యాండ్‌సెట్టు తీసుకున్నాడు.

"కట్టయ్య సారూ, నేను విశ్వనాథాన్ని. మాఫ్ చెయ్యుండ్రి." ఆయన హ్యాండ్‌సెట్టును రెండు చేతులా పట్టుకున్నాడు. "మా నాయిన గూడ తక్కువ మాట్లాడెటోడు. దుకాణంల కూసోని ఎదుటోడు చెప్పేదంత ఇనేటోడు. ఇయ్యాల ఆయన తిథి. ఆయన పేరు మీద మీరు ఇంక నాలుగు మాటలు కొట్టుండ్రి, మేం ఇంటం."

ఆ మాట ఖమ్మం దాకా పోలేదు. నెక్కొండ దాకా పోయింది. కట్టయ్య సారు, 'పెద్దాయనకు నా నమస్కారం. సమ్మమ్మ గంజి పట్టుకుని నిలబడింది. తాగకపోతే ఊరుకునేట్టు లేదు. ఉంటాను,' అని కొట్టాడు. చివర రెండు పొట్టి కూతలు వేసి ఆపాడు.

మర్నాడు తెల్లవారేసరికి కట్టయ్య సారు నిద్రలోనే పోయాడు. యాకోబు మొదటి వాల్వు తిప్పుతుండగా సమ్మమ్మ ఫోన్ చేసి, "గంజి మొత్తం తాగిండు తమ్మీ. తాగి మంచిగ పండుకున్నడు," అని మాత్రం చెప్పింది. యాకోబు వాడలన్నిటికీ నీళ్లు వదిలి, కట్టి, జీవితంలో మొదటిసారి మేస్త్రీని సెలవు అడిగాడు. అతనూ, యమునా, సేటూ కలిసి ప్యాసింజరులో నెక్కొండ వెళ్లారు. రెండోసారి సంతాపం చెప్పడానికి ముగ్గురికీ నోరు రాలేదు. అంతా అయిపోయేదాకా ఒక పక్కన నిలబడ్డారు.

జనం వెళ్లిపోయాక సమ్మమ్మ వాళ్లను పెరట్లోకి పిలిచింది.

"ఈ కట్టె ఉంచాల్నా, దించాల్నా తమ్మీ? గాలొస్తే మీద పడ్తదని భయమైతాంది," అంది పైకి చూపిస్తూ. "మీకు ఇనబడ్తలేదని తెలిసినప్పటిసంది ఒకటే పోరు. పక్కింటోళ్లను బతిమిలాడి కట్టిపిచ్చిండు. ఒకటి కట్టిపిచ్చి కొట్టి సూసుడు, ఇనబడకపోతే ఇంకోటి తెమ్మనుడు. తప్పు నాదే, నేనే ఎత్తు చాల్తలేను అని పలక మీద రాసిండు."

సేటు మొహానికి కండువా అడ్డం పెట్టుకున్నాడు. యాకోబు తలెత్తి చూశాడు. పాత వెదురు కొసకు ఒక పచ్చి వెదురు, దాని కొసకు ఇంకొక పచ్చి వెదురు, చీర పేలికలతో బిగించి కట్టి ఉన్నాయి. అన్నిటికంటే పైన ఇత్తడి కడ్డీ యాంటెన్నా ఒకటి, వరంగల్ దిక్కుకు కాస్త వంగి, గాలికి ఊగుతోంది.